కెనడా చరిత్రకి ఏ పుస్తకంతో మొదలెట్టాలి? 1885 చుట్టూ ఒక పోలిక

కెనడాకి వచ్చిన మొదటి చలికాలంలో పాత పుస్తకాల షాపులో వెయ్యి పేజీల కెనడా చరిత్ర ఒకటి కొన్నాను. ఒక్కదాంతో మొత్తం అయిపోతుందని ఆశ. నూట ఇరవయ్యో పేజీ దాటేసరికి ఫ్రెంచి గవర్నర్ల పేర్లన్నీ కలిసిపోయి, ఎవరు ఎవరిని ఓడించారో తెలియక మూసేశాను. ఇప్పుడది మా ఇంట్లో ల్యాప్‌టాప్ కింద పీటలా ఉంది. ఆ పని మాత్రం బాగానే చేస్తోంది.

తర్వాత లైబ్రరీ నుంచి తెచ్చుకుంటూ, సగంలో వదిలేస్తూ, కొన్నిటిని రెండోసారి చదువుతూ పోతే ఒకటి తెలిసింది. ఈ దేశ చరిత్రని మొదటి నుంచి చదవక్కర్లేదు. ఒక ముడి దొరికితే చాలు, అక్కణ్ణుంచి దారం ముందుకీ వెనక్కీ లాక్కోవచ్చు. నాకు దొరికిన ముడి 1885.

ఆ ఏడు నవంబరు 7న బ్రిటిష్ కొలంబియాలో క్రెగెలాకీ అనే చోట కెనడియన్ పసిఫిక్ రైల్వేకి ఆఖరి మేకు కొట్టారు. దేశం ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కటైందని సంబరం. తొమ్మిది రోజులకి, నవంబరు 16న, రెజైనాలో లూయీ రియెల్‌ని ఉరి తీశారు. ఆదివాసీ స్త్రీలకీ యూరప్ నుంచి వచ్చిన తోళ్ళ వ్యాపారులకీ పుట్టిన సంతతిని మేటీలంటారు. రియెల్ వాళ్ళ నాయకుడు, ఆ ఏడు వాళ్ళ తిరుగుబాటు నడిపినవాడు. ఇంకో పదకొండు రోజులకి, నవంబరు 27న, బాటిల్‌ఫర్డ్‌లో ఎనిమిది మంది ఆదివాసీలని ఒకే ఉరికంబం మీద చంపారు. 1867లో దేశం ఏర్పడ్డాక కెనడాలో ఒకేసారి అంతమందిని ఉరి తీసింది అప్పుడే.

ఇరవై రోజుల్లో మూడు తేదీలు. అందుకే ఆ కాలం మీద ఏ పుస్తకం చేతికొచ్చినా నేను ముందు చూసేది, కథ ఈ మూడింటిలో ఏ తేదీ దగ్గర ఆగుతోందని. ఆ రచయిత ఎవరి పక్కన నిలబడి చూశాడో సగం అక్కడే తెలిసిపోతుంది.

కొనే ముందు ఏం చూడాలి

మొదటిది ఇప్పుడు చెప్పిందే: ఎవరి పక్కన, ఎక్కడిదాకా.

రెండోది, రాసిన సంవత్సరం. ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి పెట్టిన రెసిడెన్షియల్ స్కూళ్ళ మీద నిజ నిర్ధారణ కమిషన్ తన నివేదిక ఇచ్చింది 2015లో. దాదాపు లక్షన్నర మంది పిల్లలు ఆ స్కూళ్ళకి వెళ్ళారు. 1970లలో రాసిన పుస్తకంలో ఈ సంగతికి చోటే ఉండదు. అంతమాత్రాన అది పనికిరానిదని కాదు గానీ, ఏది లేదో తెలిసి చదవాలి.

మూడోది, ఇంగ్లీషు. ఆఫీసు ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కూడా చరిత్రకారుల ఇంగ్లీషు ముందు నీరసపడిపోతారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక అరగంట చదివేవాళ్ళకీ, సెలవుల్లో ఆరు గంటలు కూర్చునేవాళ్ళకీ ఒకే పుస్తకం చెప్పడం కుదరదు.

నాలుగోది చాలామంది పట్టించుకోరు. సంభాషణలు ఎక్కడివి? నూట నలభై ఏళ్ళ కింద ఇద్దరు గదిలో కూర్చుని మాట్లాడుకున్నది రచయితకి ఎలా తెలిసింది? వెనక నోట్సులో జవాబుంటే సరే. లేకపోతే దాన్ని నవల చదివినట్టు చదవండి.

మొత్తం ఒకే పుస్తకంలో కావాలంటే

ఇక్కడ ఎక్కువసేపు ఆగను. సిటిజన్‌షిప్ టెస్ట్ కోసమే అయితే అసలు ఏ పుస్తకమూ కొనకండి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే 'డిస్కవర్ కెనడా' చాలు. ఇరవై ప్రశ్నల్లో పదిహేను సరిగ్గా రాస్తే పాస్. కానీ అది చరిత్ర పుస్తకం కాదు, పరీక్ష గైడు. మన ఇంటర్ గైడ్లలాగే పాసయ్యాక మర్చిపోతాం.

కొంచెం నిలిచేది కావాలంటే రెండున్నాయి. డెస్మండ్ మోర్టన్ 'ఎ షార్ట్ హిస్టరీ ఆఫ్ కెనడా' 1983లో మొదటిసారి వచ్చింది, తర్వాత ఎన్నోసార్లు సవరించారు. ప్రధానమంత్రులు, ఎన్నికలు, యుద్ధాలు, క్యూబెక్ గొడవ, ఇవన్నీ చురుగ్గా నడుస్తాయి. మార్గరెట్ కాన్రాడ్ 'ఎ కన్సైజ్ హిస్టరీ ఆఫ్ కెనడా' 2012లో వచ్చింది. మామూలు జనం, ఆడవాళ్ళు, ఆదివాసీలు, తూర్పు తీరం ఇందులో ఎక్కువ కనిపిస్తారు. టీవీలో ఎన్నికల చర్చలు ఇష్టంగా చూసేవాళ్ళు మోర్టన్‌ని తీసుకోండి, మిగతావాళ్ళు కాన్రాడ్‌ని. ఏది తీసుకున్నా పక్కన పెట్టుకుని అప్పుడప్పుడూ తిరగేయడానికే. ఏకబిగిన చదివితే నా వెయ్యి పేజీల గతే పడుతుంది.

నవంబరు 7 దగ్గర ఆగే పుస్తకం: పియర్ బెర్టన్ 'ద లాస్ట్ స్పైక్'

బెర్టన్ యూకాన్‌లో పుట్టిన జర్నలిస్టు. రైల్వే కథని రెండు పుస్తకాలుగా రాశాడు. 'ద నేషనల్ డ్రీమ్' 1970లో, 'ద లాస్ట్ స్పైక్' 1971లో వచ్చాయి. మొదటిదాంట్లో రాజకీయం, సర్వేలు, లంచాల కుంభకోణం. రెండోదాంట్లో కట్టడం. ఒక్కటే చదివే ఓపిక ఉంటే రెండోదే చదవండి, మొదటిది లేకపోయినా అర్థమవుతుంది.

చదివించే గుణంలో ఈ జాబితాలో దీన్ని మించింది లేదు. సుపీరియర్ సరస్సు పైన బండరాళ్ళు పేల్చుకుంటూ వెళ్ళే కూలీలు, జీతాలకి డబ్బుల్లేక ఒట్టావాలో కాళ్ళావేళ్ళా పడే కంపెనీ పెద్దలు, నిద్రాహారాలు లేకుండా పని చేయించే కంపెనీ జనరల్ మేనేజర్ వాన్ హోర్న్. 1885 వసంతంలో సస్కాచువాన్‌లో మేటీలు తిరగబడ్డారన్న వార్త రాగానే, సగం కట్టిన ఆ లైను మీదే సైన్యాన్ని పంపుతానని ముందుకొచ్చింది వాన్ హోర్నే. పట్టాలు లేని చోట సైనికులు మంచులో నడిచారు, స్లెడ్జిల మీద వెళ్ళారు. దివాలా తీయబోతున్న కంపెనీకి ఆ తిరుగుబాటే ప్రాణం పోసింది. పార్లమెంటు అప్పు మంజూరు చేసింది. ఈ భాగం బెర్టన్ రాస్తుంటే పేజీలు వాటంతటవే తిరిగిపోతాయి.

చిక్కంతా ఆ పరుగులోనే ఉంది. రైలెక్కి వెళ్తున్నప్పుడు కిటికీలోంచి ఊళ్ళు ఎలా కనిపిస్తాయో, ఆదివాసీలు ఇందులో అలా కనిపిస్తారు. బ్రిటిష్ కొలంబియా కొండల్లో పనిచేసిన పదిహేను వేల మంది చైనా కూలీల గురించి బెర్టన్ చెప్పకపోలేదు, వాళ్ళలో వందల మంది చనిపోయారనీ తెలుస్తుంది. కానీ కథానాయకులు వాళ్ళు కాదు. లైను పూర్తవుతున్న ఆ 1885లోనే కెనడా చైనీయుల మీద తలకి 50 డాలర్ల పన్ను వేసింది. 1903కి అది 500 అయింది. పని అయ్యేదాకా రమ్మని, అయ్యాక తలుపేసుకోవడం. వీసా రూల్సు మారినప్పుడల్లా గుండె గుభేల్మనే మనవాళ్ళకి ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

పైనుంచి చూసే పుస్తకం: రిచర్డ్ గ్విన్ 'నేషన్ మేకర్'

ఆ రైల్వే కట్టించిందీ, రియెల్‌కి క్షమాభిక్ష పెట్టనిదీ ఒకరే: తొలి ప్రధానమంత్రి జాన్ ఎ. మెక్‌డొనాల్డ్. గ్విన్ ఆయన జీవితాన్ని రెండు సంపుటాలుగా రాశాడు. 2007లో వచ్చిన మొదటిది 1867లో దేశం ఏర్పడేదాకా, 2011లో వచ్చిన 'నేషన్ మేకర్' అక్కణ్ణుంచి 1891లో ఆయన చనిపోయేదాకా. మన 1885 ఉన్నది రెండోదాంట్లో.

గ్విన్ కూడా పత్రికల మనిషే. మెక్‌డొనాల్డ్ తాగుడు, హాస్యం, ఎత్తులు, జబ్బుతో పుట్టిన కూతురి మీద ప్రేమ, అన్నీ రాశాడు. ఒక మనిషిని దగ్గరగా చూసిన తృప్తి కావాలంటే ఇదే. ఆ కాలాన్ని మించిన ఆయన ఆలోచనలు కూడా కొన్ని బయటపెడతాడు. 1885 ఓటు హక్కు బిల్లులో కొంతమంది ఆడవాళ్ళకి ఓటివ్వాలని మెక్‌డొనాల్డ్ ప్రతిపాదించాడు, అది నెగ్గలేదు. అదే చట్టంలో చైనీయులకి ఓటు లేకుండా చేశాడు కూడా. ఒకే కాగితం మీద రెండూ.

గ్విన్ ఆయన్ని వెనకేసుకొస్తాడు. తప్పులు దాచడు, కానీ ప్రతి తప్పు పక్కనా ఆ కాలం అలాంటిదన్న ఊతం ఒకటి ఉంటుంది. చదువుతున్నంతసేపూ ఒప్పుకుంటూనే పోతాం, పుస్తకం మూశాక సందేహం మొదలవుతుంది. ఎందుకంటే ఆ రోజుల్లో ఆదివాసీ వ్యవహారాల శాఖ కూడా చాలా ఏళ్ళు ఆయన చేతిలోనే ఉంది. 'నేషన్ మేకర్' వచ్చాక పదేళ్ళు గడిచేలోపే ఆయన సొంతూరు కింగ్‌స్టన్‌లోనే పార్కులో విగ్రహం తీసేశారు. పది డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ ఉండే చోటికి 2018లో వయోలా డెస్మండ్ వచ్చింది. 1946లో నోవా స్కోషియాలో ఒక సినిమా హాల్లో తెల్లవాళ్ళ సీట్లలోంచి లేవనన్నందుకు అరెస్టయిన నల్లజాతి మహిళ ఆమె. పర్సులోంచి ఆ నోటు తీసినప్పుడల్లా నాకు గ్విన్ పుస్తకం గుర్తొస్తుంది.

నవంబరు 16 దగ్గర ఆగే పుస్తకం: చెస్టర్ బ్రౌన్ 'లూయీ రియెల్'

ఇది కామిక్. నవ్వకండి. పేజీకి ఆరు చదరపు బొమ్మలు, పెద్ద ఒళ్ళు, చిన్న తలకాయలు, ముఖాల్లో ఏ భావమూ లేదు. 1999 నుంచి విడివిడి సంచికలుగా వచ్చి 2003లో పుస్తకమైంది. రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. రెడ్ రివర్ దగ్గర 1869లో సర్వేయర్లని ఆపడంతో మొదలైన గొడవ, 1870లో మానిటోబా రాష్ట్రం ఏర్పడటం, రియెల్ మూడుసార్లు పార్లమెంటుకి గెలిచి ఒక్కసారీ సీట్లో కూర్చోలేకపోవడం, దేవుడు తనని పంపాడన్న నమ్మకం, బటోష్ యుద్ధం, ఆరుగురు జ్యూరీ ముందు విచారణ, దయ చూపమని ఆ జ్యూరీయే అడిగినా ఉరి. ఏడుపు పుట్టించే సంగతిని కూడా బ్రౌన్ రేషన్ కార్డు వివరాల్లా పొడిగా గీస్తాడు. అందుకే ఎక్కువ తగులుతుంది.

అయితే ఒక హెచ్చరిక. రైల్వేకి డబ్బు దొరకడం కోసం మెక్‌డొనాల్డే కావాలని తిరుగుబాటు వచ్చేలా చేశాడన్న వాదాన్ని బ్రౌన్ బొమ్మల్లో జరిగినట్టే చూపిస్తాడు. చాలామంది చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు. ఆ వాదం ఎక్కడిదో, ఎక్కడెక్కడ సంఘటనలు కుదించాడో, ఎవరిని ఎవరితో కలిపేశాడో బ్రౌన్ తనే వెనక నోట్సులో పూస గుచ్చినట్టు చెప్పాడు. ఆ నోట్సు చదవకపోతే పుస్తకం సగమే చదివినట్టు. నేనైతే ఒక వేలు నోట్సులో పెట్టి చదివాను.

కామిక్ కదా అని ఎనిమిదేళ్ళ పిల్లాడి చేతిలో పెట్టకండి. చావులున్నాయి, ఉరి ఉంది. హైస్కూలు పిల్లలకి మాత్రం ఇంతకంటే మంచి మొదలు నాకు తెలియదు.

నవంబరు 27 దాటి వెళ్ళే పుస్తకం: జేమ్స్ డాషుక్ 'క్లియరింగ్ ద ప్లెయిన్స్'

అన్నిట్లోకీ కష్టమైనది ఇదే, నన్ను ఎక్కువ మార్చిందీ ఇదే. 2013లో వచ్చింది. సగం దాకా మెక్‌డొనాల్డ్ ఊసే రాదు. తోళ్ళ వ్యాపారం వెంట మశూచి మైదానాల్లోకి ఎలా వచ్చింది, ఏ తెగ ఎటు జరిగింది, వాతావరణం ఏం చేసింది, ఇవన్నీ వరసగా పేరుస్తాడు. ఇక్కడే చాలామంది వదిలేస్తారు. వదిలేసేలా ఉంటే 1870ల దగ్గరికి దూకేయండి, తప్పులేదు.

1870ల చివరికి బైసన్ అనే అడవిదున్నల మందలు పోయాయి. తిండి పోయింది. 1876లో క్రీ తెగలతో చేసుకున్న ఆరో ఒప్పందంలో కరువొస్తే ఆదుకుంటామన్న మాట రాసి ఉంది. కరువు వచ్చింది. ప్రభుత్వ గోదాముల్లో తిండి ఉంది. కానీ ఆదివాసీలకి కేటాయించిన రిజర్వు భూముల్లోకి వెళ్ళి కూర్చుంటేనే రేషన్ ఇస్తామన్నారు, ఇచ్చిందీ అరకొరే. నీరసించిన ఒళ్ళల్లోకి క్షయ దూరింది. రైలు వెళ్ళే దారి అలా ఖాళీ అయింది. డాషుక్ ఎక్కడా గొంతు పెంచడు. అధికారుల ఉత్తరాలూ లెక్కలూ మన ముందు పెట్టి పక్కకి జరుగుతాడు. అదే బ్రిటిష్ సామ్రాజ్యంలో, ఇంచుమించు అవే ఏళ్ళలో వచ్చిన ధాత కరువు కథలు తాతల నోట విన్న రాయలసీమవాళ్ళకి ఈ పుస్తకంలో గంజి కొలతల దగ్గర చెయ్యి ఆగుతుంది.

ఒక చిన్న ముచ్చట. ఈ పుస్తకానికి 2014లో కెనడా చరిత్రకారుల సంఘం తన పెద్ద బహుమతి ఇచ్చింది. ఆ బహుమతి పేరు సర్ జాన్ ఎ. మెక్‌డొనాల్డ్ ప్రైజ్! 2018లో ఆ సంఘమే ఓటు వేసుకుని బహుమతికి ఆయన పేరు తీసేసింది.

ఆ తర్వాత ఏమైంది: బాబ్ జోసెఫ్, మరియా క్యాంప్‌బెల్

బాబ్ జోసెఫ్ 2018లో రాసిన '21 థింగ్స్ యూ మే నాట్ నో అబౌట్ ది ఇండియన్ యాక్ట్' పేరు చూసి మన ఇండియా సంగతి అనుకోకండి. ఇది 1876 నుంచి నేటికీ ఆదివాసీల బతుకుల్ని పట్టుకున్న చట్టం గురించి. చిన్న చిన్న అధ్యాయాలు, తేలిక ఇంగ్లీషు. 1885 తిరుగుబాటు తర్వాత రిజర్వు దాటి వెళ్ళాలంటే అధికారి సంతకం పెట్టిన పాస్ కావాలన్నారు. 1927 నుంచి 1951 దాకా భూమి హక్కు కోసం లాయర్‌ని పెట్టుకోవడానికి డబ్బు పోగుచేయడమే నేరం. బస్సులో చదువుకునే పుస్తకమే, కానీ దిగాల్సిన స్టాపు దాటిపోతుంది. కథ కావాలనుకునేవాళ్ళకి మాత్రం కొంచెం చప్పగా ఉంటుంది, ఎందుకంటే ఇందులో మనుషులకంటే నియమాలే ఎక్కువ.

మనుషులు కావాలంటే మరియా క్యాంప్‌బెల్ ఆత్మకథ 'హాఫ్‌బ్రీడ్'. 1973లో వచ్చింది. బటోష్‌లో ఓడిన మేటీలు భూములు పోగొట్టుకుని, రోడ్ల కోసం వదిలిన ప్రభుత్వ స్థలంలో గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళని రోడ్ అలవెన్స్ జనం అన్నారు. మన మాటల్లో చెప్పాలంటే రోడ్డు పోరంబోకు మీద బతికినవాళ్ళు. మరియా ఆ జనంలో పుట్టింది. ఆమె ముత్తవ్వ చీచమ్, 1885లో రియెల్ పక్కన యుద్ధం నడిపిన గాబ్రియెల్ డ్యూమాంట్‌కి వరసకి మేనకోడలు. నూరేళ్ళు దాటి బతికిన ఆ ముసలావిడ చివరిదాకా ప్రభుత్వం ఇచ్చే పైసా ముట్టుకోలేదు. రైల్వే పుస్తకంలో నాలుగు పేరాల్లో అయిపోయిన యుద్ధం ఈ ఇంట్లో మూడు తరాల తర్వాత కూడా అయిపోలేదు. మన భాషలో దళిత ఆత్మకథలు చదివినవాళ్ళకి ఆ గొంతు కొత్తగా అనిపించదు. చిన్న పుస్తకమే, ఇంగ్లీషు తేట నీళ్ళలా ఉంటుంది.

| పుస్తకం | ఏ ఏడు | ఎవరి పక్కన | చదవడం | దొరకనిది |
|---|---|---|---|---|
| ద లాస్ట్ స్పైక్ | 1971 | రైల్వే కట్టించినవాళ్ళు | లావు, కానీ పరుగే | ఆదివాసీల వైపు కథ |
| నేషన్ మేకర్ | 2011 | ప్రధానమంత్రి | లావు, నిదానం | కింద పడ్డవాళ్ళ కోపం |
| లూయీ రియెల్ | 2003 | రియెల్ | రెండు సాయంత్రాలు | నోట్సు వదిలేస్తే నిజానికీ వాదానికీ తేడా |
| క్లియరింగ్ ద ప్లెయిన్స్ | 2013 | మైదానాల తెగలు | కష్టం | కథ చెప్పే తీరు |
| 21 థింగ్స్ | 2018 | చట్టం కింద బతికినవాళ్ళు | తేలిక | మనుషుల ముఖాలు |
| హాఫ్‌బ్రీడ్ | 1973 | ఒక మేటీ ఇల్లు | తేలిక, కానీ బరువు | పెద్ద రాజకీయం |

మనవాళ్ళ ఓడ

1885లో చైనీయుల మీద వేసిన తలపన్ను దారం ముందుకి లాగితే వాంకూవర్ రేవు వస్తుంది. 1914 మే 23న 376 మంది ప్రయాణికులతో కొమగాటా మారు అనే ఓడ అక్కడికి చేరింది. ఎక్కువమంది పంజాబీ సిక్కులు. పుట్టిన దేశం నుంచి మధ్యలో ఆగకుండా వస్తేనే రానిస్తామన్న నియమం అప్పటికే ఉంది. ఇండియా నుంచి అలా వచ్చే ఓడే లేదు! రెండు నెలలు రేవులోనే నిలబెట్టి, జూలై 23న వెనక్కి పంపారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగినప్పుడు పోలీసు కాల్పుల్లో ఇరవై మంది దాకా చనిపోయారు. హ్యూ జాన్‌స్టన్ రాసిన 'ద వోయేజ్ ఆఫ్ ద కొమగాటా మారు' దీనికి సరైన పుస్తకం. మొదట 1979లో వచ్చింది, 2014లో పెంచి మళ్ళీ వేశారు. పెంచినదే తీసుకోండి. గూఢచారులు, కోర్టులు, ప్రయాణికుల కోసం ఒడ్డున మనవాళ్ళు పెట్టుకున్న కమిటీ చందాలు అన్నీ వివరంగా ఉంటాయి.

తెలుగులో దీనికి జోడీగా ఒకటి చదవొచ్చు. కనిగిరి నుంచి అమెరికాకి చదువుకోవడానికి వెళ్ళి, ఇండియా స్వాతంత్ర్యం కోసం అక్కడ మనవాళ్ళు పెట్టిన గదర్ పార్టీలో చేరిన దరిశి చెంచయ్య ఆత్మకథ 'నేనూ నా దేశం'. జాన్‌స్టన్ పుస్తకంలో దూరంగా వినిపించే గదర్ మాట ఇందులో మన యాసలో వినిపిస్తుంది.

ఒక్క మనిషి జీవితం చాలనుకుంటే: బెతూన్, డగ్లస్

ఇక్కడ తెలుగువాళ్ళకి పాత చుట్టం ఒకాయన ఉన్నాడు. డాక్టర్ నార్మన్ బెతూన్. 1890లో ఒంటారియోలోని గ్రేవెన్‌హర్స్ట్‌లో పుట్టాడు, స్పెయిన్ యుద్ధంలో రక్తాన్ని గాయపడ్డవాళ్ళ దగ్గరికే మోసుకెళ్ళే ఏర్పాటు చేశాడు, చైనాలో ఆపరేషన్ చేస్తుండగా వేలు తెగి, విషమెక్కి 1939 నవంబరులో చనిపోయాడు. ఆయన పేరు పెట్టిన ఆసుపత్రికే తర్వాత మన షోలాపూర్ డాక్టర్ కోట్నిస్ పెద్దయ్యాడు. టెడ్ అలన్, సిడ్నీ గోర్డన్ 1952లో రాసిన ఆయన జీవితకథ తెలుగులో 'రక్తాశ్రువులు' పేరుతో వచ్చింది. ఒక తరం విద్యార్థి సంఘాల కుర్రాళ్ళు చేతులు మార్చుకుంటూ చదివిన పుస్తకం అది.

ఇప్పుడు దేన్ని చదవాలి? ఒళ్ళు పులకరించాలంటే 'రక్తాశ్రువులే'. కానీ అందులో బెతూన్ దాదాపు దేవుడు, సంభాషణలు కథల్లో లాంటివి. పైన చెప్పిన నాలుగో కొలత ఇక్కడ పనికొస్తుంది. రోడెరిక్ స్టీవర్ట్, షారన్ స్టీవర్ట్ 2011లో రాసిన 'ఫీనిక్స్' దీనికి విరుగుడు: తాగుడు, కోపం, ఆడవాళ్ళతో తగవులు, పొగరు అన్నీ ఉంటాయి, అయినా మనిషి చిన్నబోడు. అంత సమయం లేకపోతే, గవర్నర్ జనరల్‌గా చేసిన ఏడ్రియన్ క్లార్క్‌సన్ రాసిన చిన్న పుస్తకం ఉంది. 'ఎక్స్‌ట్రార్డినరీ కెనెడియన్స్' అనే వరసలో వచ్చింది. నా ఓటు ఫీనిక్స్‌కి. తెలుగు పుస్తకం ముందే చదివి ఉంటే మరీను.

ఆ వరసలోనే విన్సెంట్ లామ్ రాసిన, సస్కాచువాన్ ముఖ్యమంత్రిగా (ప్రీమియర్) చేసిన టామీ డగ్లస్ జీవితం కూడా ఉంది. లామ్ స్వయంగా ఎమర్జెన్సీ డాక్టరుగా పనిచేసినవాడు. డగ్లస్‌కి చిన్నప్పుడు మోకాలి ఎముక చీముపట్టి కాలు తీసేయాల్సి వస్తే, ఒక సర్జన్ తన విద్యార్థులకి చూపించుకోవడానికి ఉచితంగా ఆపరేషన్ చేశాడు. అదృష్టం మీద కాలు నిలబడటం ఏమిటని పెద్దయ్యాక సస్కాచువాన్‌లో అందరికీ వైద్యం తేవడానికి పోరాడాడు. 1962లో అది మొదలైన రోజున డాక్టర్లు సమ్మె చేశారు. హెల్త్ కార్డు జేబులో ఉన్న ప్రతివాళ్ళూ చదవదగ్గ చిన్న పుస్తకం.

ఎవరికి ఏది

చదువుకోవడానికి కొత్తగా వచ్చి, పార్ట్‌టైమ్ షిఫ్టులతో ఊపిరాడనివాళ్ళు: బ్రౌన్ కామిక్, తర్వాత '21 థింగ్స్'. రెండూ కలిపి వారం పట్టవు.

సూపర్ వీసా మీద వచ్చి, బయట మంచు, ఇంట్లో అందరూ ఆఫీసుకి వెళ్ళిపోతే ఏం తోచని అమ్మానాన్నలు: ఇంగ్లీషు చదివే అలవాటుంటే బెర్టన్. మా నాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, ఆ పుస్తకం చదువుతూ రోజూ భోజనం దగ్గర వాన్ హోర్న్ కబుర్లే చెప్పేవారు. చైనా కూలీల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఇంగ్లీషు కష్టమైతే 'నేనూ నా దేశం', 'రక్తాశ్రువులు' ఊరి నుంచి తెప్పించండి.

ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు స్కూల్లో రెసిడెన్షియల్ స్కూళ్ళ గురించి విని వచ్చి మనల్ని ప్రశ్నలు అడుగుతారు. జవాబు లేక టెన్షన్ పడే తల్లిదండ్రులకి జోసెఫ్ ముందు, డాషుక్ తర్వాత. ఈ వరస తిప్పితే డాషుక్ దగ్గరే ఆగిపోతారు.

రాజకీయాలంటే పిచ్చి ఉన్నవాళ్ళు గ్విన్‌నీ బ్రౌన్‌నీ పక్కపక్కన పెట్టుకోండి. ఒకే నిర్ణయం ఒకదాంట్లో రాజనీతి, ఇంకోదాంట్లో కుట్ర. రెండిటికీ మధ్య మీరెక్కడ నిలబడతారో తేల్చుకోవడంలో ఉన్న సరదా వేరే ఏ జోడీలోనూ లేదు.

హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని, కెనడాతో ఏ సంబంధమూ లేకుండా ఒక్క పుస్తకమే చదువుతానంటే? 'హాఫ్‌బ్రీడ్'. ఆలోచించకుండా చెబుతాను.

కొనడం గురించి రెండు మాటలు

కెనడాలో ఉంటే వీటిలో చాలావాటికి డబ్బు పెట్టక్కర్లేదు. ఊరి లైబ్రరీ కార్డు ఉంటే లిబ్బీ యాప్‌లో ఈ-బుక్కులు, ఆడియో పుస్తకాలు తీసుకోవచ్చు. కాకపోతే వరసలో నిలబడాలి. బెర్టన్ పాత ప్రతులు సెకండ్‌హ్యాండ్ షాపుల్లో బాగా దొరుకుతాయి, ఏ ముద్రణైనా పరవాలేదు. బ్రౌన్ మాత్రం కాగితం మీదే చూడాలి, ఫోన్లో ఆ ఆరు గళ్ళు నిలవవు.

'హాఫ్‌బ్రీడ్' విషయంలో జాగ్రత్త. పాత ప్రతులు చవగ్గా దొరుకుతాయి, కొనకండి. 1973లో అచ్చు వేసేటప్పుడు ఆమె రాసిన రెండు పేజీలు ప్రచురణకర్తలు తీసేశారు. పద్నాలుగేళ్ళప్పుడు తన మీద ఒక మౌంటెడ్ పోలీసు (కెనడా కేంద్ర పోలీసు) చేసిన అత్యాచారం గురించి రాసిన పేజీలవి. 2018లో ఆ కాగితాలు పాత ఫైళ్ళలో పరిశోధకులకి దొరికాయి. 2019లో వేసిన ప్రతిలో ఉన్నాయి. కొనేముందు లోపలి పేజీలో సంవత్సరం చూసుకోండి.